పాత కారులో ‘బ్రేక్ ఆయిల్’: ఏది పోయాలి, ఎప్పుడు మార్చాలి

ఈ ఎపిసోడ్ న్యాల్‌కల్ నుంచి చేస్తున్నాం. సంగారెడ్డి జిల్లా, జహీరాబాద్‌కు దగ్గర, కర్ణాటక బార్డర్ పక్కనే. ఇక్కడ ఇండ్ల ముందర నిలబడ్డ కార్లు చూస్తే ఏపీ 23 నంబరు ప్లేట్లు ఇంకా కనబడతాయి. ఏపీ 23 అంటే పాత మెదక్ జిల్లా నంబరు. 2014లో తెలంగాణ వచ్చినాక టీఎస్ నంబర్లు మొదలైనయి కాబట్టి, ఆ ప్లేటు ఉన్న బండికి పదేళ్ళు ఎప్పుడో దాటినట్టే. మారుతి 800, పాత ఆల్టో, ఇండికా, మొదట్లో వచ్చిన వ్యాగన్ ఆర్. వాటి పక్కన కేఏ 38, అంటే బీదర్ బండ్లు. చాలామంది తమ్ముళ్ళకు ఇదే మొదటి కారు. నాయన కొన్నది కావొచ్చు, మేనమామ దగ్గర తక్కువకు తీసుకున్నది కావొచ్చు.

ఈ కార్లకు ఇంజన్ ఆయిల్ మార్చాలని అందరికీ తెలుసు. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ అయితే అడగకుండానే మారుతయి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చినవ్ అని అడిగితే మాత్రం ఒకటే జవాబు వస్తది: “తగ్గలేదన్నా, ఫుల్‌గానే ఉంది.” ఇవాళ్టి మాటంతా ఆ జవాబు మీదే. డబ్బాలో లెవెల్ ఫుల్‌గా ఉండి కూడా, కావలసిన టైమ్‌ల బ్రేక్ పడకపోవచ్చు.

ముందు పేరు దగ్గరే ఒక చిక్కు ఉంది. మనం ‘బ్రేక్ ఆయిల్’ అంటాం, షాపుల వాళ్ళూ అట్లనే అంటరు. కానీ అది నూనె జాతి కాదు. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, ఇవన్నీ పెట్రోలియం నుంచి వచ్చే నూనెలు. బ్రేక్ ఫ్లూయిడ్ తయారయ్యేది గ్లైకాల్ ఈథర్ అనే రసాయనాలతో. తేడా కళ్ళతో చూడాలంటే చిన్న పని చేయండి. [గాజు గ్లాసు చూపిస్తూ] గ్లాసులో కొన్ని నీళ్ళు, అందులో నాలుగు చుక్కలు బ్రేక్ ఫ్లూయిడ్. చూసిండ్రా, కలిసిపోయింది. ఇప్పుడు ఇంకో గ్లాసులో ఇంజన్ ఆయిల్. పైన తేలుతున్నది. నీళ్ళతో కలిసిపోయే ఈ గుణమే బ్రేక్ ఫ్లూయిడ్‌కు బలం, అదే దానికి జబ్బు కూడా.

ఎట్లనో చెప్తా. మీరు పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో ఉన్న ఫ్లూయిడ్ మీద ఒత్తిడి పడ్తది. ఆ ఒత్తిడి సన్నని పైపుల గుండా నాలుగు చక్రాలకు పోతది. ముందు చక్రాల దగ్గర డిస్కును ప్యాడ్లు పట్టుకుంటయి, వెనక డ్రమ్ముల లోపల షూలు తెరుచుకుంటయి. ఇదంతా జరగాలంటే ఆ ద్రవం నొక్కితే నలగకూడదు. ద్రవాలు నలగవు. గాలి నలుగుతది, ఆవిరి నలుగుతది. పైపులో ఎక్కడో ఇంత ఆవిరి బుడగ చేరిందంటే, మీ కాలి బలమంతా ఆ బుడగను నలపడానికే పోతది, చక్రం దాకా చేరదు. పెడల్ మెత్తగా, స్పాంజ్ మీద కాలేసినట్టు కిందికి పోతది.

ఇక నీళ్ళ సంగతి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో ఉన్న తేమను తనలోకి గుంజుకుంటది. వానాకాలంలో బయట పెట్టిన ఉప్పు చూస్తే తెలుస్తది కదా, అట్లాంటిదే. మూత గట్టిగా పెట్టినా సరే, డబ్బాలోకి గాలి పోయే సన్నని దారి ఉంటది, చక్రాల దగ్గరి రబ్బరు హోస్‌ల గుండా కూడా తేమ మెల్లగా ఇంకుతది. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు, ఏండ్లు పడ్తది. ఇక్కడ అసలు పాయింట్ వినండి: అది లెక్క పెట్టేది ఏండ్లే గానీ కిలోమీటర్లు కాదు. కారు రోజూ హైదరాబాద్ పోయి వచ్చినా తేమ పడ్తది, షెడ్డులో నిలబడ్డా పడ్తది.

మన ఊర్లలో కారు వాడకం ఎట్లుంటది? పెండ్లికి తీస్తరు. బీదర్ దవాఖానకు తీస్తరు. రేజింతల్ వినాయకుని గుడికి తీస్తరు. మిగతా రోజులు దాని మీద పట్టా కప్పి ఉంటది. “బండి తిరగనే లేదు కదా, ఇంక ఆయిల్ ఎందుకు మార్చాలె” అనే మాట ఇక్కడి నుంచే వస్తది. ఇంజన్ ఆయిల్ విషయంలో కూడా ఆ మాట పూర్తిగా నిజం కాదు, బ్రేక్ ఫ్లూయిడ్‌కైతే అస్సలు పనికిరాదు.

నీళ్ళు చేరితే ఏమైతదో అంకెల్లో చూద్దాం. సీసా మీద డాట్ 3, డాట్ 4 అని రాసి ఉంటది. డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పేరులోని పొడి అక్షరాలు, వాళ్ళ ప్రమాణమే ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తున్నది. మన దేశంలో దీనికి ఐఎస్ 8654 అనే ప్రమాణం ఉంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో సుమారు 3.7 శాతం నీళ్ళు చేరినాక ఆ కనీసం 140 డిగ్రీలకు పడిపోతది. డాట్ 4 కొత్తగా ఉంటే 230, తేమ పట్టినాక 155. చిన్న కారు బ్రేక్ సిస్టమ్‌లో అర లీటరు ఫ్లూయిడ్ ఉందనుకుందాం. అందులో 3.7 శాతం అంటే దాదాపు నాలుగు టీ చెంచాల నీళ్ళు. నాలుగు చెంచాలు 65 డిగ్రీలను మింగేసినయి! లెవెల్ తగ్గిందా? లేదు. పైనుంచి చూస్తే డబ్బా ఫుల్‌గానే ఉంటది. ఫోన్‌లోనైతే బ్యాటరీ పర్సంటేజ్ పైనే కనబడ్తది. ఈ డబ్బా మీద ఆ సౌకర్యం లేదు, రెండు గీతలే ఉంటయి.

న్యాల్‌కల్ నుంచి జహీరాబాద్ పోతుంటే ఈ తేడా తెలవదు. రోడ్డు ఇంచుమించు చదునే. చెరుకు సీజన్‌లో వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ ఎదురైతే గట్టిగా తొక్కుతరు, బండి ఆగుతది, మళ్ళీ చల్లబడతది. ఒక్కసారి తొక్కితే 140 డిగ్రీల దాకా ఫ్లూయిడ్ కాగదు. అందుకే మూడేండ్లు, అయిదేండ్లు, ఎనిమిదేండ్లు అట్లనే నడుస్తది, “బ్రేకులు బాగనే ఉన్నయి” అనిపిస్తది. తర్వాత ఒక శివరాత్రికి అయిదుగురు ఎక్కి శ్రీశైలం పోతరు. మన్ననూరు దాటి, నల్లమల అడవి దాటి, దోమలపెంట తర్వాత కృష్ణ దిక్కు దిగే మలుపులు మొదలైతయి. ఇంకోసారి తిరుపతి పోతరు. తిరుమల నుంచి దిగేది పాత రోడ్డు, అంటే మొదటి ఘాట్ మీద నుంచి. బండి పరీక్ష అక్కడ.

లెక్క వేసి చూపిస్తా, సరదాగా ఉంటది. మారుతి 800, అందులో అయిదుగురు మనుషులు, మొత్తం 950 కిలోలు అనుకోండి. తిరుమల నుంచి తిరుపతికి దాదాపు 700 మీటర్ల దిగుడు. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగితే వచ్చే శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. అదంతా వేడిగా మారితే, సుమారు 20 లీటర్ల నీళ్ళను మామూలు వేడి నుంచి మరిగే దాకా కాగబెట్టొచ్చు. ఒక పెద్ద బిందెడు నీళ్ళు! గాలి కొంత ఆపుతది, గేరులో ఉంటే ఇంజన్ కొంత ఆపుతది. మీరు న్యూట్రల్‌లో పెట్టి, పెట్రోలు మిగులుతదని దిగినారనుకోండి, దాదాపు మిగిలిన బిందె మొత్తం బ్రేకుల మీదనే. డిస్క్ కాగుతది, దాన్నుంచి ప్యాడ్, ప్యాడ్ నుంచి పిస్టన్, పిస్టన్ వెనక ఫ్లూయిడ్. తేమ పట్టిన ఫ్లూయిడ్ అయితే అక్కడ మరుగుతది. బుడగలు లేస్తయి. పెడల్ కిందికి పోతది.

ఇందులో ఇంకో మోసం ఉంది. బండిని ఎట్లనో పక్కకు తీసి అరగంట ఆపితే ఫ్లూయిడ్ చల్లబడి ఆవిరి మళ్ళీ నీరైపోతది, పెడల్ మళ్ళీ గట్టిపడ్తది. ఊరికి వచ్చినాక మెకానిక్‌కు చూపిస్తే ఆయనకు తప్పు దొరకదు. “ఏం లేదు తమ్ముడూ, మంచిగనే ఉంది” అంటడు. ఘాట్ మీద పెడల్ ఒక్కసారి మెత్తబడి, కింద దిగినాక బాగైంది అంటే ముందు అనుమానం పాత ఫ్లూయిడ్ మీదనే పెట్టుకోండి.

అట్లాంటి టైమ్‌లో ఏం చేయాలో కూడా ఇక్కడే చెప్పేస్తా. పెడల్‌ను టపటపా పంపు కొట్టండి, కొంత ఒత్తిడి తిరిగి రావొచ్చు. గేరు ఒక్కోటి కిందికి దించండి. హ్యాండ్ బ్రేక్ మెల్లమెల్లగా గుంజండి, దాని బటన్ నొక్కిపట్టే గుంజండి, చక్రం పట్టేస్తే వెంటనే వదలడానికి వీలుంటది. ఈ పాత చిన్న కార్లల్ల హ్యాండ్ బ్రేక్ కేబుల్‌తో వెనక డ్రమ్ములను గుంజుతది, దానికి ఫ్లూయిడ్‌తో సంబంధం లేదు. ఇంజన్ మాత్రం ఆఫ్ చేయకండి.

సరే, ఇప్పుడు షాపుకు పోదాం. జహీరాబాద్‌లోనో బీదర్‌లోనో స్పేర్ పార్ట్స్ షాపులో ఏమని అడగాలి? ముందు బానెట్ తెరిచి బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా మూత మీద చదవండి. డాట్ 3 అనో డాట్ 4 అనో అచ్చు వేసి ఉంటది. దుమ్ము పట్టి కనబడకపోతే గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చ్ వేసి చూడండి. డాట్ 3 అని ఉంటే డాట్ 3 పోయొచ్చు, డాట్ 4 కూడా పోయొచ్చు. రెండూ గ్లైకాల్ రకమే, కలుస్తయి. డాట్ 4 అని ఉన్న బండిలో డాట్ 3 పోయకూడదు, అది మెట్టు దిగినట్టు. నా మాట అడిగితే, డాట్ 3 రాసి ఉన్న పాత కారుకు కూడా మొత్తం మార్చేటప్పుడు డాట్ 4 పోయించుకోవడం మేలు. సీసా మీద పెద్ద రేటు తేడా ఉండదు, ఘాట్ మీద పదిహేను నుంచి ఇరవై అయిదు డిగ్రీలు చేతిలో మిగులుతయి. డాట్ 5.1 ఇంకా ఎక్కువ వేడికి ఆగుతది, అది కూడా గ్లైకాల్ రకమే. కానీ మన 800కు దాని అవసరం నాకైతే కనిపించదు.

ఒక్కదాంతో జాగ్రత్త: ఉత్త డాట్ 5. చుక్క తర్వాత ఒకటి లేని 5. పేరు 5.1కు తమ్ముడిలా ఉంటది గానీ అది సిలికాన్ రకం, వేరే జాతి. గ్లైకాల్ ఉన్న బండిలో అది కలవదు, పోయొద్దు. ఇట్లాంటి పేర్లు పెట్టినోళ్ళను ఏమనాలో నాకు తెలవదు.

సీసా సీలుతో ఉండాలి. తయారీ తేదీ చూడండి. అల్మారా మీద మూత తెరిచి సగం వాడిన సీసాలోంచి “కొంచెం పోసిస్తా” అంటే వద్దనండి, అది ఎన్ని వానాకాలాలు చూసిందో! అవసరమున్నంతే, చిన్న సీసాలు కొనుక్కోండి. డబ్బాలో ఉన్నదాని రంగు చూసి నిర్ణయించుకోవడం కూడా కుదరదు. నల్లగా మురికిగా ఉంటే మార్చాలన్నది నిజమే, తేనెరంగులో ఉంది కాబట్టి నీళ్ళు లేవన్నది నిజం కాదు. నీళ్ళకు రంగు లేదు కదా. గ్యారేజీలో పెన్ను లాంటి టెస్టర్ ముంచి లైట్లు చూపిస్తరు. అది ఒక అంచనా, అంతే. ఎప్పుడు మార్చినమో ఎవరికీ గుర్తులేదంటే, టెస్టర్‌తో పనిలేదు, మార్చేయండి. చాలా కార్లకు రెండేండ్లకోసారి అన్నది మామూలు లెక్క. మీ బండి పుస్తకంలో ఏముందో దాన్ని పట్టుకోండి. పుస్తకం లేకపోతే రెండేండ్లకు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

ఇక లెవెల్ సంగతి. డబ్బా మీద రెండు గీతలు, పైన మాక్స్, కింద మిన్. ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్లు బయటికి జరుగుతయి, వాటి వెనక ఖాళీని ఫ్లూయిడ్ నింపుతది, కాబట్టి లెవెల్ మెల్లగా దిగుతది. ఇది మామూలే. మిన్ దగ్గరికి వచ్చిందంటే ప్యాడ్లు చూపించుకోమని బండి చెప్తున్నదన్నట్టు. అది వినకుండా పైనుంచి నింపేస్తే, ఆ కబురును మనమే చెరిపేసినట్టయితది. తర్వాత కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లు వెనక్కి నెట్టితే ఆ ఎక్కువ పోసింది పొంగి పెయింటు మీద పడ్తది. ఇది పెయింటును తినేస్తది. ఎప్పుడైనా పడితే తుడవడం కన్నా ముందు నీళ్ళు కుమ్మరించండి, నీళ్ళతో కలుస్తదని ఇందాక చూసినం కదా.

లెవెల్ ఒక్కసారిగా దిగితే మాత్రం అది అరుగుడు కాదు, కారుడు. చక్రాల లోపలి వైపు తడి చూడండి, ముఖ్యంగా వెనక చక్రాలు. నిలబడి ఉన్న పాత కార్లకు వచ్చే మొదటి జబ్బు ఇదే: నీళ్ళు చేరిన ఫ్లూయిడ్ వీల్ సిలిండర్‌ను లోపల తుప్పు పట్టిస్తది, ఆ గరుకు మీద వాషర్లు చిరుగుతయి, డ్రమ్ము లోపల షూలు తడుస్తయి. ఇంకో చోటు, మాస్టర్ సిలిండర్ వెనక, పెడల్ దగ్గర. అక్కడ తడి ఉంటే బండిని కదపొద్దు. నెలకోసారి డబ్బాను ఒకే కోణంలో ఫోటో తీసి పెట్టుకుంటే సరి, పోయిన నెల ఫోటో పక్కన పెట్టి చూస్తే దిగిందా లేదా తెలిసిపోతది.

మార్చే పని ఎట్ల చేస్తరో చూద్దాం. మీరే చేయాలని కాదు, మెకానిక్ సరిగ్గా చేస్తున్నడా లేదా తెలవాలి. డబ్బాలో పాతది సిరంజితో గుంజేసి, కొత్తది నింపి, “అయిపోయింది” అంటే అది సగం పని కూడా కాదు. వేడి తగిలే పాత ఫ్లూయిడ్ అంతా చక్రాల దగ్గరనే ఉంది. ప్రతి చక్రం దగ్గర బ్లీడర్ నిప్పల్ ఉంటది, దానికి పారదర్శకమైన సన్న ట్యూబు పెట్టి, ఇంకో కొన కొంచెం ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచుతరు. లోపల ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, బయట ఒకరు నిప్పల్ తెరవాలి, పాతది ట్యూబులోకి వస్తది, నిప్పల్ మూసినాకనే పెడల్ వదలాలి. ఈ వరుస తప్పితే గాలి లోపలికి పోతది. కొత్త రంగు శుభ్రంగా, బుడగలు లేకుండా వచ్చే దాకా ఇట్లనే. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతరు, మన బండ్లకు అది వెనక ఎడమ చక్రం. కొన్ని మోడళ్ళకు వరుస వేరే ఉంటది, పుస్తకంలో ఉన్నదే ఖాయం. మధ్యమధ్యలో డబ్బా ఖాళీ కానియ్యకూడదు, ఖాళీ అయితే గాలి గుంజుకొని పని మళ్ళీ మొదటికొస్తది.

పాత బండిలో రెండు విషయాలు గుర్తుండాలి. నిప్పల్ తుప్పు పట్టి బిగిసి ఉంటది. ముందురోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, దానికి సరిపోయే రింగు పానా పెట్టి మెల్లగా తిప్పాలి. వట్టి ఓపెన్ పానాతో బలం పెడితే తల గుండ్రమైతది లేదా విరుగుతది, అప్పుడు సిలిండరే మార్చాల్సి వస్తది. రెండోది, పెడల్‌ను కింద ఫ్లోర్ దాకా తొక్కొద్దు. ఏండ్ల తరబడి పిస్టన్ పోని చోట తుప్పు, మురికి ఉంటయి, వాషర్ అక్కడికి పోతే కోసుకుపోతది. కాలి కింద చెక్క ముక్క ఒకటి పెట్టుకుంటే చాలు.

చివరికి అన్నిటికన్నా ఖరీదైన తప్పు. బ్రేక్ డబ్బాలో ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోయడం. ‘ఆయిల్’ అనే పేరుతో వచ్చే చిక్కు ఇదే. ఈ సిస్టమ్‌లో వాడే రబ్బరు గ్లైకాల్‌కు తగ్గట్టు చేసింది. పెట్రోలియం నూనె తగిలితే అది ఉబ్బి మెత్తబడ్తది. వాషర్ ఉబ్బితే బ్రేక్ పట్టేసి వదలదు, తర్వాత చినిగితే అస్సలు పట్టదు. గుర్తు ఏమిటంటే, డబ్బా మూత లోపలి రబ్బరు సాగి, వంకరపోయి, తన చోట్లో సరిగ్గా కూర్చోదు. అనుమానం ఉంటే డబ్బాలోంచి రెండు చుక్కలు నీళ్ళ గ్లాసులో వేయండి. పైన తేలిందంటే బండి స్టార్ట్ చేయొద్దు. కడిగితే పోదు. మాస్టర్ సిలిండర్ కిట్, వీల్ సిలిండర్ కిట్లు, ముందు కాలిపర్ సీళ్ళు, రబ్బరు హోస్‌లు, రబ్బరు అన్న ప్రతిదీ మార్చి, పైపులు శుభ్రం చేయాలి. ఖర్చు చూసి కొందరు డబ్బా కడిగి పంపిస్తరు. ఒప్పుకోకండి.

మిగిలిన ఫ్లూయిడ్, తీసిన పాత ఫ్లూయిడ్, రెండూ విషమే. కూల్ డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టొద్దు, పిల్లలు ఉన్న ఇల్లయితే అసలే వద్దు. చూడ్డానికి అచ్చం డ్రింకు లాగే ఉంటది. మోరీలో, పొలంలో పోయొద్దు. మూత ఉన్న డబ్బాలో, పైన పెద్దగా పేరు రాసి, మార్చిన గ్యారేజీలోనే ఇచ్చేయండి. కంట్లో పడితే వెంటనే నీళ్ళతో చాలాసేపు కడిగి దవాఖానకు పోవాలి.

పదిహేనేండ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ కోసం ఫిట్‌నెస్‌కు పోయేవాళ్ళు ఉంటే, ఆ పనికి ముందే ఇది చేయించుకోండి, మళ్ళీ ఇంకోసారి గ్యారేజీకి తిరిగే పని తప్పుతది. ఇందాక హ్యాండ్ బ్రేక్ కేబుల్ మాట వచ్చింది కదా, నిలబడి ఉన్న బండ్లల్ల అది లోపల పట్టేసే సంగతి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటా మరి.